పుట్టిలో కుదురులేని మనిషి

ఈ రోజు పొద్దున్నే మా పక్కింటి నర్సిములుతో బీచుపల్లి దగ్గర కృష్ణా నదిలో, జమ్ముగడ్డి పెరిగిన లోతులేని నీళ్లలోకి, పుట్టెక్కి చేపలకు వెళ్లాను. అతని కోడలు పచ్చి బాలింత. ఒక్క కొర్రమట్ట చేప తెస్తే పాలు పడతాయని ఇంట్లో ఆడవాళ్లు పోరుతున్నారు.

ఫోనులో చూస్తుంటాను, ఎవరెవరో పొడుగాటి ప్లాస్టిక్ పడవల్లో కాళ్లు చాపుకుని గాలాలు వేస్తుంటారు. మన పుట్టి బుట్టలా గుండ్రం. లోపలివాడు కదిలితే గిర్రున తిరుగుతుంది. నేనేమో పెళ్లిపీటల మీదే కుదురుగా కూర్చోనివాణ్ని.

నడుము సర్దుకున్నాను, పుట్టి తిరిగింది. బీడీ కోసం జేబు తడిమాను, మళ్లీ తిరిగింది. ఊపిరికని పైకి తేలిన చేప రెండుసార్లూ మునిగిపోయింది.

“కాకా, నీకేమన్న చీమలు కుడుతున్నయా? జర దిగు. నీళ్లు మోకాళ్ల మట్టుకే.”

“నన్ను ఏట్ల ఇడిశి పోతవా ఏందిరా?”

“యాడికి పోత? నువ్వు గీడ నిలబడు, నేను గాడ వల ఏసొస్త.”

దిగాను. బురదలోనూ ఊరుకోలేక కాలివేళ్లతో కెలుకుతుంటే, అరికాలి కింద ఏదో జారుడుగా కొట్టుకుంది. కేక పెట్టాను.

“అదే కాకా! కాలు తియ్యకు, కదలకు!”

నర్సిములు వచ్చి బురదలో చెయ్యి పెట్టేదాకా, డెబ్బై ఏళ్లలో మొదటిసారి, కదలకుండా నిలబడ్డాను. మూరెడు కొర్రమట్ట!

“కాక కాలితోని పట్టిండు” అని ఇంట్లో చెబితే, కుట్లు నొప్పిపెడుతున్నా కోడలు నవ్విందట.

ఇప్పుడు మళ్లీ కాలు ఊపుతూనే ఇది రాస్తున్నాను. మీ ఇళ్లలో ఇట్లాంటి కుదురులేనివాళ్లుంటే చెప్పండి, బురద కెలకడానికి నర్సిములుకు ఇంకో ఇద్దరు కావాలట.