నాన్న ముందుగా తాగిన చైనా కషాయం

ఆ రోజుల్లో నలుగురిలో దగ్గడమంటే నేరం చేసినంత పని. కరోనా తగ్గి ఏడాది దాటినా, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి నేనొక్కసారి దగ్గితే చాలు, చుట్టూ ఖాళీ అయిపోయేది (ఆఫీసు వేళల్లో హాయిగా కూర్చుని ప్రయాణం చేసింది బహుశా నేనొక్కదాన్నే). పంజాగుట్టలో నా మొదటి ఉద్యోగం, ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు వినడం. "మేడం, ముందు మీరు దవాఖానకు పోండ్రి, నా ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం" అని వాళ్లే నన్ను ఓదార్చేవారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు. దగ్గు మాత్రం వదల్లేదు. సోమవారానికల్లా గొంతు బాగుపడకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని మేనేజరు చెప్పేశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా మేనబావ వచ్చాడు. చైనాలో డాక్టరు చదువు ముగించి, ఇక్కడ వైద్యం చేయాలంటే పాసవ్వాల్సిన పరీక్ష కోసం అమీర్‌పేటలోనే కోచింగ్‌లో చేరినవాడు. చేతిలో చైనా అక్షరాల పొట్లం. అందులో ఎండిన అల్లం కొమ్ములు, ఏవో వేళ్లు, కమలా తొక్కలు. అమ్మ అనుమానంగా ఆ అక్షరాల మీద అనువాదం చేసే ఫోన్ కెమెరా పెడితే, "చల్లని కఫమును వెచ్చజేసి కరిగించును" అని తెలుగులో వచ్చింది.

"కఫంతోని గొంతు సుత కరిగితే?" అంది అమ్మ.

"అట్లేం కాదత్తా! అక్కడ మాకు మస్తు తాగించిండ్రు."

"నా బిడ్డకు ఇచ్చే ముందు నేను తాగి చూస్త" అని నాన్న, బావ కాచి తెచ్చిన రెండు గ్లాసుల్లో ఒకటి అందుకుని తాగాడు. ఘాటుకు కళ్లనీళ్లు పెట్టుకుని, సోఫాలో వెనక్కి వాలి, కళ్లు మూశాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపటికీ కదలడే! "ఏమయ్యా, కండ్లు తెరువయ్యా!" అని అమ్మ కుదిపింది. బావ నాడి పట్టుకున్నాడు (కంగారులో, అమ్మది). "నేనింకా పాస్ సుత కాలేదత్తా" అని గొణిగాడు.

నాన్న ఒక కన్ను తెరిచాడు. "ఏంది మీ లొల్లి? దీని దగ్గుకు రోజూ నిద్ర లేదు. ఇయ్యాల ఇల్లు సప్పుడు లేకుండె, జర కన్నంటుకుంది."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు తట్టింది నాకు: అంతసేపూ నేను దగ్గనే లేదు. చుక్క కూడా తాగకుండానే! కానీ చెమటలు తుడుచుకుంటున్న బావను చూసి జాలేసి, నా గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను.

సోమవారం ఫోన్లో నా గొంతు గంటలా మోగింది. భయం కుదిర్చిందో, కషాయమో ఇప్పటికీ తెలియదు. ఆ ఘాటుకు ముక్కూ కళ్లూ కారుతూ, "మస్తుగుంది బావా" అన్న ఆనాటి నాలోని పిల్ల మాత్రం నాకు భలే నచ్చుతుంది. అంత నమ్మకంగా అబద్ధమాడటం ఇప్పుడు నాకు చేతకాదు.