మూతక్క పెన్ను

లిఫ్టులు బాగుచేసే ఆ షెడ్డులో ఆమెని అందరూ మూతక్క అంటారు. నిరుటి దాకా ఆ పేరు లేదు. తొమ్మిదేళ్ళుగా పెద్ద మేస్త్రి పక్కన పనిచేస్తోంది. ఉక్కు తాళ్ళకి గ్రీజు పెట్టింది, బ్రేకు దిమ్మలు మార్చింది, తలుపులు పట్టాల మీద చప్పుడు లేకుండా జరిగేదాకా ఆకురాయి పట్టింది. పని ఆమెదే అయినా, అయిపోయాక కార్డు మీద సంతకం మాత్రం మేస్త్రిది. లైసెన్సు ఉన్నవాళ్ళ సంతకమే చెల్లుతుంది.

నిరుడు ఆ లైసెన్సు పరీక్షకి వెళ్ళింది. ఆసుపత్రిలో ఆరంతస్తుల లిఫ్టు ఇచ్చారు. లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి, ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, తలుపు గొళ్ళెం ఎంత లోతుకి పడుతోందో కొలిచి, ఆ కొలత అక్కడికక్కడే రాయాలి. గుర్తుపెట్టుకుని తర్వాత రాస్తానంటే ఒప్పుకోరు. మూడంతస్తులు బాగానే గడిచాయి. నాలుగో అంతస్తులో తలుపు కింది చక్రం చూద్దామని వంగింది. పెన్ను జారింది. పెట్టెకీ గోడకీ మధ్య సందులో దూరి, టక్, టక్ అంటూ ఒక్కో అంతస్తునీ పలకరించుకుంటూ అడుగుకి చేరింది.

పరీక్ష అధికారి తలుపు బయట నిలబడి అంతా విన్నారు. తిట్టలేదు. "కింద మనిషి ఉంటే?" అని మాత్రం అడిగి, ఫైలు మూసేశారు. పై నుంచి ఏది పడినా పరీక్ష పోయినట్టే. ఏడాది తర్వాత ఇంకొక్కసారి రావచ్చు, అదీ పోతే మూడేళ్ళ దాకా ఆ గుమ్మం ఎక్కనివ్వరు.

షెడ్డుకి వచ్చి జేబు తడుముకుంటే పెన్ను మూత చేతికి తగిలింది. క్లిప్పు జేబుని ఎంత గట్టిగా పట్టుకుందంటే, తీస్తే గాని రాలేదు. దాన్ని వదిలేసి పోయింది లోపలి పెన్నే. మేస్త్రి ఆ మూతని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"మూత మాత్రం పాసయిందమ్మా. దానికి లైసెన్సు ఇవ్వమని రాస్తాను ఉండు."

ఆ రోజు నుంచి ఆమె మూతక్క. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ మూతని తెచ్చి ఇంట్లో మావగారి కుట్టుమిషన్ పైన మేకుకి తగిలించింది. మావగారు దర్జీ. "ఇదెందుకు ఇక్కడ?" అని ఆయన అడిగితే, "రోజూ కనబడాలి మావయ్యా" అంది.

ఏడాది గిర్రున తిరిగింది. ఈ వేసవితో మేస్త్రి పని మానేస్తున్నాడు. ఆయన తర్వాత షెడ్డులో సంతకం పెట్టేది ఆమె అయినా కావాలి, లేదా బయటి నుంచి ఇంకెవరో రావాలి. ఇంకెవరో వస్తే ఆమె మళ్ళీ పక్కన నిలబడే మనిషే. పని గురించి ఆమెకి బెంగ లేదు. బెంగంతా జేబు గురించే.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా వీధి చివరి పుస్తకాల కొట్టుకి వెళ్ళింది.

"పెన్ను కావాలి బాబాయ్."

"ఏ రంగమ్మా?"

"రంగు ఏదైనా ఫరవాలేదు. పడకూడదు."

కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. బాగా రాయాలన్నవాళ్ళు, చూడ్డానికి బాగుండాలన్నవాళ్ళు, చవగ్గా కావాలన్నవాళ్ళు ఆ కొట్టుకి చాలామంది వచ్చారు. పడకూడదన్న మనిషి రావడం ఇదే మొదలు. అద్దాల బీరువాలోంచి తళతళలాడే స్టీలు పెన్ను తీశాడు.

"ఇనుప ఒళ్ళు వద్దు బాబాయ్. కరెంటు పెట్టె ముందు వంగినప్పుడు రెండు తీగల మీద పడిందంటే నేను ఇంటికి రాను."

"అయితే ఈ నొక్కుడు పెన్ను తీసుకో. మూత గొడవే లేదు."

"జేబులో దానంతటదే నొక్కుకుంటుంది. పోయినసారి మా ఆయన చొక్కాకి సరిగ్గా గుండె దగ్గర ఇంకో నీలం గుండె పుట్టింది."

"పోనీ దారం కట్టుకో."

"తాళ్ళు తిరిగే చోట దారం కడితే పెన్నుతో పాటు నన్నూ లాక్కుపోతాయి."

"పెన్సిలుందిగా."

"చెరిపేయొచ్చని ఒప్పుకోరు."

కొట్టాయన పెన్నుల డబ్బాలన్నీ బల్ల మీద పరిచి, ఇక నీ ఇష్టం అన్నట్టు స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఒక్కో పెన్ను తీసుకుని, కాగితాన్ని కొట్టు స్తంభానికి ఆనించి రాయడం మొదలుపెట్టింది. లిఫ్టు దగ్గర రాయాల్సిన కాగితం ఎప్పుడూ గోడకే ఉంటుంది. బాల్ పెన్ను రెండు వరుసలు నల్లగా రాసింది, మూడో వరుసలో సన్నబడింది, నాలుగో వరుసలో ఒట్టి గీరుళ్ళు మిగిలాయి.

"చూశారా, అలిగింది."

"గోడ మీద రాస్తే ఏ పెన్నయినా అలుగుతుంది. బల్ల ఉంది కదమ్మా, బల్ల మీద రాయి."

"మా లిఫ్టు నెత్తిన కూడా ఒక బల్ల వేయమని చెప్తాను ఉండండి."

అంతటితో ఆగలేదు. అలగని పెన్నులు రెండు మూడు దొరికితే వాటిని జేబులో పెట్టుకుని నేల అందేలా వంగింది, లేచింది, అక్కడక్కడే నాలుగు గంతులు వేసింది. అట్టల కోసం వచ్చిన ఇద్దరు తమ పని మరిచిపోయి చూస్తున్నారు. పెన్నులు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి.

"అమ్మా, నువ్వు పెన్ను కొంటున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?" అన్నాడు కొట్టాయన.

"అల్లుడైతే పడినా లేస్తాడు బాబాయ్."

ఈ మాటకి ఆయనకి నవ్వూ వచ్చింది, పట్టుదలా వచ్చింది. నిచ్చెన వేసుకుని పై అర నుంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. అందులో తెల్లటి ప్లాస్టిక్ పెన్నులు, బొటనవేలంత లావు కూడా లేవు.

"దీని మొనలో గుండు ఉండదు, నార ఉంటుంది. వత్తిలోకి నూనె ఎక్కినట్టు సిరా దానంతటదే మొనకి వస్తుంది. గోడ మీద రాసినా, నెత్తిమీద రాసినా దానికి ఒకటే."

ఆమె స్తంభం మీద ఎనిమిది వరుసలు రాసింది. ఎనిమిదోది కూడా మొదటి వరుసంత నల్లగా ఉంది. వేలికి కొంచెం గ్రీజు రాసి కాగితం మీద పులిమి, దాని మీద రాసింది. కాస్త మందగించింది గాని ఆగలేదు. మూత పెడితే టప్పుమని బిగిసింది. మూత పట్టుకుని ఎంత విదిలించినా కింది పెన్ను ఊడి రాలేదు, తీయాలంటే బొటనవేలి గోరు పెట్టాలి. జేబులో పెట్టుకుని వంగింది. మూతతో సహా పెన్నంతా జారి కొట్టాయన కాళ్ళ దగ్గర పడింది. క్లిప్పు మరీ మెత్తన.

ఆయన వంగి దాన్ని తీసి దుమ్ము ఊదాడు.

"మంచి పిల్లాడే," అన్నాడు ఆయన. "పట్టుకుని ఉండడం రాదు, అంతే."

అయినా అదే కొంది.

ఇంట్లో వీధి వైపు గది మావగారిది. కిటికీ కింద కుట్టుమిషన్, నేలంతా దారపు ముక్కలు, గోడకి చెక్క స్కేళ్ళు. ఆమె పని చొక్కా వేసుకుని గది మధ్యలో వంగడం, పెన్ను పడటం, తీసి జేబులో పెట్టుకోవడం, మళ్ళీ వంగడం. పదోసారికి మావగారు మిషన్ ఆపారు.

"ఏంటమ్మాయ్, నేలకి దండాలు పెడుతున్నావు?"

ఆమె సంగతి చెప్పింది. ఆయన పెన్ను చూడలేదు, చొక్కా అడిగి తీసుకున్నారు. లోపలి వైపు తిరగేసి, జేబు కుట్ల మీద వేలు నడిపించారు.

"ఈ జేబు కుట్టినవాడు నిలబడి ఉండే మనిషికి కుట్టాడు. నువ్వు రోజులో ఎంతసేపు నిలబడతావు?"

"మధ్యాహ్నం అన్నం దగ్గర తప్ప నిటారుగా ఉండేది తక్కువే మావయ్యా."

"అయితే ఇది నీ చొక్కా కాదు. ఏదీ, ఎలా పనిచేస్తావో చూపించు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది, పక్కకి ఒరిగింది, మంచం పట్టె మీద పొట్ట ఆనించి తల కిందికి వేలాడేసింది. ఆయన చెవి మీద సుద్ద పెట్టుకుని, టేపు పట్టుకుని చుట్టూ తిరిగారు. మర్నాడు ఎడమ చేతి మీద, భుజానికి కింద, సన్నటి జేబు కుట్టి ఇచ్చారు. వంగింది, పడలేదు. ఒరిగింది, పడలేదు. పై తాడు అందుకోవాలి కదా అని చెయ్యి పైకెత్తింది. పెన్ను నేరుగా వెళ్ళి నీళ్ళ బకెట్టులో పడింది.

"చెయ్యెత్తుతావని చెప్పాలి కదా."

"ఎత్తుతానని తెలియకే తొమ్మిదేళ్ళ నుంచి ఎత్తుతున్నాను మావయ్యా."

ఆయన బ్లేడు తీసి ఆ కుట్లన్నీ విప్పారు. తర్వాత రెండు రోజులు మిషన్ మీద ఆ చొక్కా తప్ప ఇంకేదీ పెట్టలేదు.

మూడో రోజు ఆమె పని నుంచి వచ్చేసరికి మంచం మీద దిళ్ళన్నీ గలీబులు లేకుండా పడి ఉన్నాయి. మావగారు ఒక దిండుని గలీబుతో సహా తలకిందులుగా పట్టుకుని దులుపుతున్నారు.

"చూడు, పడుతోందా?"

"దిండెందుకు పడుతుంది?"

"ఎందుకు పడదు? మూతి దగ్గర లోపలికి మడత ఉంది కాబట్టి. నలభై ఏళ్ళుగా నేనే కుడుతున్నాను. జేబు మాత్రం మూతి తెరిచి పెడుతున్నాను."

చొక్కా చేతికిచ్చారు. జేబు గుండె మీదే ఉంది గాని సగానికి సగం సన్నబడింది, పెన్ను కన్నా బొటనవేలు మందం లోతుగా ఉంది. మూతి దగ్గర గుడ్డ లోపలికి మడిచి ఉంది. పెన్ను వేసి ఆ మడతని దాని నెత్తిన లాగితే దిండులాగే లోపల ఉండిపోతుంది. రెండు వేళ్ళతో మడత తోస్తే బయటికి వస్తుంది. గుడ్డ చొక్కా కింది అంచు మడతలోంచే తీశారు కాబట్టి రంగులో తేడా లేదు.

"ఇందులో రెండో పెన్ను పట్టదు," అన్నారు. "పట్టేలా కుడితే మొదటిది ఆడుతుంది."

ఆమె వంగింది, ఒరిగింది, చేతులెత్తింది, మంచం మీంచి తల వేలాడేసింది. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. ఆ చొక్కా తనే తొడుక్కుని నాలుగు కాళ్ళ మీద గదంతా తిరగడం మొదలుపెట్టారు. అప్పుడే ఆమె భర్త డ్యూటీ దిగి లోపలికి వచ్చాడు. పెళ్ళాం చొక్కా వేసుకుని మంచం కింద దూరుతున్న తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"పరీక్ష," అన్నారు ఆయన లోపలి నుంచి. బయటికి వస్తూ మంచం పట్టెకి తల కొట్టుకుని పక్కకి ఒరిగారు. నేల మీద కూర్చునే జేబు తడుముకుని చూశారు. "నేను పడ్డాను గాని ఇది పడలేదు."

పరీక్ష రోజు అదే ఆసుపత్రి, అదే లిఫ్టు, అదే అధికారి. ఆయన పాత కాగితం తిరగేశారు.

"నిరుడు మీ చేతి నుంచి పెన్ను పడింది."

"జేబు నుంచి పడింది సార్."

ఆయన కొత్త కాగితం తీసి ఆమెకిచ్చి, లిఫ్టు వైపు చూపించారు.

ఒకటి, రెండు, మూడు అంతస్తులు అయ్యాయి. నాలుగో అంతస్తు దగ్గర ఆమె వంగింది. చెయ్యి దానంతటదే జేబు వైపు వెళ్ళబోయింది. రెండు చేతులూ పని మీదే ఉండాలి, ఒక చేత్తో జేబు పట్టుకుని చేసేది పని కాదు. చెయ్యి ఆపుకుని, తల గోడ సందులోకి పెట్టి కింది చక్రం చూసింది. చక్రం కొద్దిగా ఒరుసుకుపోయి ఉంది. చూస్తున్నంతసేపూ చెవులు కింద అడుగు దగ్గరే ఉన్నాయి. ఏ చప్పుడూ రాలేదు. లేచి, రెండు వేళ్ళతో మడత తోసి, పెన్ను తీసి, గోడకి ఆనించిన కాగితం మీద 'చక్రం మార్చాలి' అని రాసింది. టప్పుమని మూత పెట్టి లోపల వేసింది. మిగిలిన రెండంతస్తులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు.

పైన మోటారు గదిలో, తలుపుకి బిగించిన కార్డు మీద అధికారి తన మాట రాయాలి. ఆయన బాల్ పెన్ను తీశారు. అది 'పని తీరు' వరకూ రాసింది. తర్వాత గీరింది. విదిలించారు, నోటితో ఊదారు, అరచేతి మీద గీసి చూశారు. ఆమె తన పెన్ను మూత తీసి అందించింది. అలవాటు కొద్దీ మూత చేతిలోనే ఉంచుకుంది. ఆయన 'సంతృప్తికరం' అని రాసి, సంతకం చేసి, పెన్ను మొన వెలుతురులో చూశారు.

"బాగుందే ఇది."

అంటూనే దాన్ని తన జేబులో పెట్టుకుని మెట్ల వైపు నడిచారు.

"సార్."

ఆయన ఆగారు. ఆమె మూత చూపించింది.

"కింది గడిలో నేను సంతకం పెట్టాలి కదా సార్."

ఆయన తన జేబు వైపు చూసుకుని, ఏడాదిలో మొదటిసారి ఆమె ముందు నవ్వారు. పెన్ను తిరిగిచ్చి, ఆమె రాసేదాకా అక్కడే నిలబడ్డారు. తొమ్మిదేళ్ళుగా మేస్త్రి సంతకం పెట్టడం చూసిన కార్డు. ఆమె సంతకం కొంచెం పెద్దదై గడి దాటి పక్కకి వెళ్ళింది. దాటితే దాటిందిలే అన్నట్టు కింద గీత కూడా గీసింది.

ఇంటికి వెళ్ళేసరికి మావగారు గుమ్మంలో ఉన్నారు. పాసయ్యావా అని అడగలేదు.

"కుట్లు సాగాయా?"

"లేదు మావయ్యా."

చొక్కా తీయించి వెలుతురులో పట్టుకుని, కుట్టు కుట్టూ లాగి చూశారు. అప్పుడే తేలిగ్గా ఊపిరి వదిలి, "మిగతా చొక్కాలు పట్రా" అన్నారు. మేకుకి ఉన్న పాత మూతని తీసి సుద్దముక్కల డబ్బాలో వేశారు.

వారం తిరక్కుండా షెడ్డులో వాళ్ళంతా చొక్కాలు పట్టుకుని ఆ గుమ్మం ముందు చేరారు. అందరికన్నా ముందు మేస్త్రి.

"మీరు పని మానేశారుగా?" అంది మూతక్క.

"మనవరాలిని ఎత్తుకోవడానికి వంగితే కళ్ళజోడు పడుతోందమ్మా. దానికీ ఇలాంటిది కుట్టమని మీ మావగారికి చెప్పు."

మావగారు చొక్కా అందుకోలేదు. టేపు మెడలో వేసుకుని, చెవి మీద సుద్ద పెట్టుకుని బయటికి వచ్చారు.

"ముందు వంగండి," అన్నారు. "చూస్తాను."