పండుగ తాడుకు ఆగిన జీపు

2022, మే నెల ఆఖరు వారం. నేను సర్పంచినై మూడేళ్లు దాటింది. మాది ములకలపల్లి వైపు అడవి అంచున ఉండే చిన్న పంచాయతీ. ఊరి పేరు రాయను. రాస్తే మావాళ్లు ఈ కాగితం పట్టుకొని "నా పేరెందుకు రాయలే?" అని ఇంటి మీదికి వస్తారు. పంచాయతీ కింద ఒక పెద్ద ఊరు, నాలుగు గుంపులు ఉన్నాయి. బయటివాళ్లు ఈ మాట దగ్గరే తికమకపడతారు. మా వైపు కోయవాళ్ల చిన్న పల్లెను గుంపు అంటాం. పదిహేను ఇళ్లున్నా గుంపే, యాభై ఇళ్లున్నా గుంపే. ఆటో డ్రైవరు కూడా "గుంపుకు పోయేటోళ్లు ఎక్కుండ్రి" అని కేకేస్తాడు.

సర్పంచి కావాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆశ్రమ హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివాను, పెళ్లయ్యాక ఇల్లు, మిర్చి కూలి, ఇద్దరు పిల్లలు. సీటు ఎస్టీ మహిళకు రిజర్వ్ అయిందని తెలిసిన రోజు మా ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, మా అత్త ముత్తమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి లేవకుండానే తేల్చేసింది.

"నీకు సదువొచ్చు పిల్లా. నువ్వు నిలబడు. పిల్లలను నేను జూస్త, పొయ్యి నేను జూస్త."

అన్నట్టే ఐదేళ్లు చూసింది. నేను మీటింగులని, చెక్కుల మీద సంతకాలని, కరెంటు స్తంభాలని తిరుగుతుంటే నా పిల్లల తలలు దువ్వింది మా అత్తే. ఇంత మాట ముందే చెప్పి పెట్టుకోకపోతే, తరువాత రాయబోయేది రాయడానికి నాకు మొహం చెల్లదు.

మా నాలుగు గుంపుల్లో వాగు అవతలిది మా అత్త పుట్టిల్లు. అక్కడ బోరు లేదు. తాగే నీళ్లు వాగులోని చెలమ నుంచే, అంటే ఇసుకలో తవ్వుకున్న గుంట నుంచే రావాలి. ఎండాకాలం ఎట్లాగో గడుస్తుంది. వానలు పడగానే వాగు పొంగి చెలమ బురదవుతుంది. కిందటేడు వానల్లో ఆ నీళ్లు తాగి గుంపులో పిల్లలందరికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా అత్త తమ్ముడి మనవరాలికి నాలుగేళ్లు. ఆ పిల్లను మా ఆయన బండి మీద దవాఖానాకు తీసుకెళ్తుంటే, వెనక కూర్చొని ఒళ్లో పట్టుకున్నది నేనే. దారిలో రెండుసార్లు ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఉంది. బతికింది. ఇంకో వానాకాలం ఆ చెలమ మీద గడవకూడదని ఆ రోజే మొండిగా అనుకున్నాను.

బోరు కావాలంటే దానికి ఒక వరస ఉంది. ముందు గ్రామసభ తీర్మానం. తరువాత ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు వచ్చి నేల చూసి "పాయింటు" పెట్టాలి. పాయింటంటే ఇక్కడ తవ్వితే నీళ్లు పడతాయని గుర్తు పెట్టడం. దాన్ని బట్టి ఎస్టిమేటు వేస్తారు, ఆ తరువాత రిగ్గు వస్తుంది. రిగ్గు అంటే బోరు వేసే పెద్ద లారీ. అది వాగు దాటాలంటే నేల పొడిగా ఉండాలి. కాబట్టి వానలకు ముందు పాయింటు పడకపోతే ఆ ఏడాదికి బోరు లేనట్టే.

ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏఈ గారి నుంచి ఫోన్ వచ్చింది. మనిషి కొత్త. ఆఫీసుకొచ్చి నెల కూడా కాలేదు.

"మేడం, బుధవారం వస్తామండీ, మీ వాగు అవతలి పాయింటుకి. పర్లేదా?"

"రండి సార్, రండి" అన్నాను.

అనకూడదు. ఎందుకంటే రెండు రోజుల ముందే ఆ గుంపు పటేల్, అంటే ఊరి పెద్ద, మా ఇంటికొచ్చి చెప్పి పోయాడు. "బుధారం విత్తనాల పండుగ జేస్తున్నం. ఆ రోజు ఎవ్వలకు ఏ పని జెప్పకు బిడ్డా."

తెలిసి కూడా ఎందుకు సరేనన్నాను? భయం. మూడేళ్లు సర్పంచిగిరీ చేసినా, ఆఫీసరు ఒక తారీఖు చెప్తే "ఆ రోజు కుదరదు సార్" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఒకసారి వద్దంటే మళ్లీ మా వంతు ఎప్పటికి వస్తుందోనని. పైగా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, ఆయన చూసేది నేలను, నేలకు పండుగతో ఏం పని అని. ఆ బుధవారం నాకూ, మా పంచాయతీ కార్యదర్శికీ మండలంలో మీటింగు ఉంది. "మీరు వాగు దాకా పోండి సార్, మీటింగు కాగానే వస్త" అని చెప్పాను. పండుగ సంగతి ఆయనకు చెప్పలేదు.

విత్తనాల పండుగ అంటే తొలకరికి ముందు చేసేది. విత్తనాలను భూమికి చూపించి మొక్కందే మావాళ్లు ఒక గింజ కూడా చల్లరు. ఆ రోజు మగవాళ్లు వేటకని అడవిలోకి పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కడతారు. పాటలు పాడుతూ, వచ్చే బండినల్లా ఆపుతారు. ఎవరైనా సరే ఎంతో కొంత పండుగ ఇనాం ఇచ్చి, నాలుగు నవ్వులు నవ్వి పోవాల్సిందే. మా చిన్నప్పుడు కలప లారీలు ఆపేవాళ్లం. అది మాకు సరదా. ఇనాం ఇవ్వని డ్రైవరును ఏడాదంతా వెక్కిరించేవాళ్లం.

ఆ రోజు తాడు చెలమ పక్కనే కట్టారు. నీళ్లకు వచ్చినవాళ్లు బిందెలు రోడ్డు మీదే పెట్టి పాటలో కలిశారు. డోళ్లు మగవాళ్ల వెంట పోయాయి కాబట్టి, ఆ ఖాళీ బిందెలనే బోర్లించి వాయించడం మొదలుపెట్టారు. అప్పుడొచ్చింది ఏఈ గారి జీపు.

మీరే ఊహించుకోండి. అడ్డంగా తాడు. ముప్పై మంది ఆడవాళ్లు. ఖాళీ బిందెల మోత. అర్థం కాని భాషలో గట్టిగా అరుపులు. పేపర్లో రోజూ ఏదో ఒక ఊరి నుంచి వచ్చే ఖాళీ బిందెల ధర్నా ఫొటోయే అది. ఏఈ గారు అద్దం దించలేదు. డ్రైవరు అదే వేగంతో వెనక్కి తిప్పాడు. ఇనాం ఇవ్వలేక పారిపోయిండని మావాళ్లు పడిపడి నవ్వారట. తాడు కొస పట్టుకొని అందరికంటే ముందు నవ్వింది, పండుగకు పుట్టింటికి పోయిన మా అత్త.

మర్నాడు మధ్యాహ్నానికి మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. కార్యదర్శి మొహం పాలిపోయింది. "మేడం, ఇది సదవండి."

'తనిఖీకి వచ్చిన ప్రభుత్వ వాహనమును గుంపు అడ్డగించినందున, బాధ్యుల పేర్లతో మూడు రోజులలో వివరణ ఇవ్వగలరు. అంతవరకు పని నిలుపుదల చేయడమైనది.'

ఆయన రాసిన గుంపు వేరు, మేము చదువుకున్న గుంపు వేరు. ఆయన లెక్కలో అది రోడ్డెక్కిన జనం. మా లెక్కలో అది వాగు అవతలి ఊరు. సాయంత్రానికి "గుంపు మీద కేసు పెడతరట" అన్న మాట చెలమ దాకా పాకింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులు, మొత్తం ఊరి మీదే కేసు అనుకున్నారు. రెండు ఇళ్లవాళ్లు తలుపులకు గొళ్లెం పెట్టి అడవిలోకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెప్తాను. ఇంటికి పోయి, పుట్టింటి నుంచి అప్పుడే వచ్చిన మా అత్త మీద విరుచుకుపడ్డాను. "నీ పండుగ, నీ తాడు! ఆ సారెవరో చూసుకోవద్దా? ఏడాది తిరిగి తెచ్చిన పని మట్టిలో కలిసింది. మీరు మారరు!" అన్నాను. ఆ 'మీరు' అన్న మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నేనూ ఆ తాడు కట్టి పెరిగినదాన్నే.

అత్త లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కంచంలో అన్నం పెట్టి నా ముందుకు జరిపింది. ఒక్కటే అడిగింది.

"ఇగ బోరు రాదా?"

"రాదు" అని అన్నం ముట్టకుండా లేచిపోయాను.

తెల్లారి లేచేసరికి అత్త ఇంట్లో లేదు. అలిగి పుట్టింటికి పోయి ఉంటుందని అనుకున్నాను. పోతే పోనీ అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. కార్యదర్శి, నేను పంచాయతీ ఆఫీసులో వివరణ రాయడానికి కూర్చున్నాం. పేర్లు రాయాలి. మొదటి పేరు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పెన్ను ఒకరి ముందుకు ఒకరం తోసుకుంటున్నాం. అంతలో ఏఈ గారి ఫోన్.

"మేడం, మీరొకసారి ఆఫీసుకి రాగలరా? మీ అత్తగారట, పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్నారు. కదలనంటున్నారు."

మా ఆయన బండి ఎంత జోరుగా తోలినా ఆ దారి తరగలేదు. మా అత్తకు తెలుగు అంతంత మాత్రం. పింఛను వేలిముద్ర కోసం తప్ప మండలానికి ఒంటరిగా పోయిన మనిషి కాదు. వెళ్లేసరికి వరండాలో గోడకానుకొని నేల మీద కూర్చుని ఉంది. పండుగకు కట్టుకున్న చీరే కట్టుకొని వచ్చింది. ఏఈ గారు ఎదురుగా కుర్చీ వేసుకొని, ఆ కుర్చీలో ఇబ్బందిగా కదులుతున్నారు. అత్త అప్పటికి ఎన్నోసారి చెబుతోందో, అదే మాట మళ్లీ చెబుతోంది.

"గుంపు గాదు సారూ. నేనొక్కదాన్నే. తాడు గట్టింది నేను, బండి ఆపింది నేను. నన్ను ఏడ ఏస్తరో ఏసుకోండ్రి. గుంపుకు బోరు మాత్రం ఎయ్యుండ్రి."

"ఒక్కరే అయితే తాడు రెండో కొస ఎవరు పట్టుకున్నారమ్మా?" అన్నారాయన మెల్లగా.

అత్త కొంచెం ఆలోచించింది. "ఆ దిక్కు చెట్టుకు గట్టిన."

ఏఈ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అక్కడే, అందరి ముందే ఏడ్చాను. తరువాత కళ్లు తుడుచుకొని నిజం చెప్పాను. అది ధర్నా కాదు, మా విత్తనాల పండుగ. బిందెలు నీళ్లకు తెచ్చినవి. గుంపంటే మా వైపు ఊరు. ఆ రోజు పండుగని తెలిసీ మిమ్మల్ని రమ్మన్నది నేను. తప్పు ఈమెది కాదు, గుంపుది కాదు, నాది.

ఏఈ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మాది మధిర వైపండీ. తాడు, ఖాళీ బిందెలు, అంతమంది ఆడవాళ్లు... నేనింకేమనుకోను? మీరు ఒక్క మాట చెప్పుంటే మర్నాడు వచ్చేవాణ్ని కదా" అన్నారు.

ఒక్క మాట. అంతే. ఆ ఒక్క మాటకు నేను భయపడినందుకు రెండు ఇళ్లవాళ్లు అడవిలో పడుకున్నారు, ఒక ముసలమ్మ జైలుకు సిద్ధపడి పండుగ చీర కట్టుకొని వచ్చింది.

వివరణ అక్కడే బల్ల మీద రాశాను. 'గుంపు అనగా ఊరు' అన్నది మొదటి వాక్యం. సమాచారం ఇవ్వని బాధ్యత నాదని రాసి సంతకం పెట్టాను. ఏఈ గారు దాని మీద ఏదో రాసి లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రానికి మెమో వెనక్కి తీసుకున్నారు. సోమవారం ఆయనే వచ్చారు. చెలమ దగ్గర జీపు ఆపించి, దిగి, "తాడేదమ్మా?" అని అడిగారు. మా ఆడవాళ్లు సిగ్గుతో కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయినా ఇనాం ఇచ్చిందాకా వాళ్లూ వదల్లేదు, ఆయనా కదల్లేదు. పాయింటు పటేల్ పెరటి పక్కన పడింది. తొలకరికి నాలుగు రోజుల ముందు రిగ్గు వాగు దాటింది. నీళ్లు పడ్డాయి. ఆ వానాకాలం ఆ గుంపు నుంచి ఒక్క పిల్లను కూడా దవాఖానాకు ఎత్తుకుపోలేదు.

అప్పటి నుంచి ఏ ఆఫీసు నుంచి ఫోనొచ్చినా నా జవాబు ఒకటే. "ఒక్కసారి మా పటేళ్లను అడిగి చెప్త సార్." కొందరు విసుక్కున్నారు. ఎవరూ పని ఆపలేదు. అన్నాళ్లూ ఆ మాట నోరు తెరిచి అనకపోవడం నా పిరికితనమే తప్ప వాళ్ల తప్పు కాదని అప్పుడు తెలిసింది.

మా అత్తకు క్షమాపణ చెప్పబోతే వినలేదు. "అన్నం సల్లారిపోతది, తిను" అంది. ఆ రోజు కడుపు నిండా తిన్నాను. ఇప్పుడు నా పదవి అయిపోయింది. సంతలో ఎవరైనా కనపడితే బోరు నువ్వే తెచ్చినవని అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వరండాలో నేల మీద కూర్చున్న మనిషే గుర్తొస్తుంది. అందరూ కలిసి చేసినదానికి "నేనొక్కదాన్నే" అని ముందుకు పోవడమే సర్పంచి పని అయితే, ఓట్లు నాకు పడ్డాయి గానీ, ఆ రోజు మా పంచాయతీకి సర్పంచి మా అత్త.