మఫ్రఖ్ నుంచి బర్ దుబాయ్‌కి, రంగులేసుకున్న జపాన్ పాట కోసం

విజువల్ కే అంటే జపాన్ రాక్ సంగీతంలో ఒక దారి. అందులో పాట ఎంత ముఖ్యమో మొహానికేసిన రంగు, జుట్టు, దుస్తులు కూడా అంతే ముఖ్యం. మగవాళ్ళు కళ్ళకి దట్టంగా కాటుక దిద్దుకుని, పెదాలకి ఎర్రరంగు వేసుకుని, లేసు అంచుల పొడుగు కోట్లలో గిటార్లు వాయిస్తారు. నాకీ పిచ్చి అంటించింది కరుణ. 2020లో ఇద్దరికీ ఒకేసారి కోవిడ్ వస్తే అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లోని మా నర్సుల హాస్టల్లో పద్నాలుగు రోజులు ఒకే గదిలో పెట్టారు. పాలకొల్లు చర్చి పిల్ల కదా, ప్రార్థన పాటలు పెడుతుందేమో అనుకుంటే ఫోన్లో ఇలాంటి ఒక బ్యాండ్ గోల పెట్టింది. మొదటి రోజు తిట్టాను. నాలుగో రోజుకి నేనే అడిగి పెట్టించుకున్నాను. “ఎప్పటికైనా వీళ్ళని ఇద్దరం కలిసి చూడాలే” అంది. రెండేళ్ళకి ఇంగ్లండ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మొదట్లో రోజూ మాట్లాడుకునేవాళ్ళం, తర్వాత క్రిస్మస్‌కి, ఆ తర్వాత అదీ లేదు. మేమిద్దరం విన్న ఆ బ్యాండే దుబాయ్ వస్తోందని తెలిసి మూడు మెసేజ్‌లు పెట్టాను. మూడింటికీ నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఈ ప్రయాణం చేస్తేనైనా తను పలుకుతుందేమో అన్న ఆశతోనే నూట ఎనభై దిర్హాములు పెట్టి టికెట్ కొన్నాను.

శనివారం ఉదయం పదింటికి హాస్టల్ ముందు టాక్సీ ఎక్కాను. షాబియా బస్టాండు దాకా ఇరవై రెండు దిర్హాములయింది. నడిపేది జగిత్యాల వైపు మనిషి, రాజన్న. ఆ బ్యాండ్ వాళ్ళలా దట్టంగా దిద్దుకున్న నా కాటుక కళ్ళని అద్దంలో రెండుసార్లు చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

“ఏంది చెల్లె, ఏడనన్న నాటకమున్నదా?”

“నాటకం కాదన్నా, జపానోళ్ళ పాట కచేరీ. వాళ్ళూ ఇలాగే వేసుకుంటారు. అందరూ మగాళ్ళే.” సిగ్నల్ దగ్గర ఫొటో చూపించాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “మా దిక్కు చిందు భాగోతమోళ్ళు గిట్లనే రంగులేసుకుంటరు. చిన్నప్పుడు తెల్లారేదాంక చూస్తుంటిమి. నేను చూడక పదమూడేండ్లాయె. నాకు సెలవు దొరికినప్పుడు ఆట ఉండదు, ఆట ఉన్నప్పుడు సెలవు దొరకదు.” పచ్చలైటు పడగానే బండి కదిలించి, “ఒక్కదానివే పోతున్నవా?” అన్నాడు.

“ఒక్కదాన్నే అన్నా.”

“జోడు లేకుంటే ఆట మజా రాదు చెల్లె. సరే, యల్లా, జల్ది దిగు, బస్ పోతది.”

ఆ మాటకి కోపమొచ్చింది, నిజమే కాబట్టి. షాబియా నుంచి దుబాయ్‌లోని ఇబ్న్ బతూతాకి బస్సు, ఇరవై అయిదు దిర్హాములు, గంటన్నర. అక్కడే మెట్రో ఎక్కి బర్జుమాన్ స్టేషన్లో దిగాలి, ఏడున్నర దిర్హాములు. మెట్రో కార్డులో డబ్బులు ముందే వేసుకోండి, శనివారం ఆ మెషిన్ల ముందు వరస చాలా పొడుగు. హాలు పది నిమిషాల నడక. హాలుకి వెళ్ళేముందు పక్కనే ఉన్న కరామాలో ఒక ఆంధ్రా మెస్సులో పద్దెనిమిది దిర్హాములకి భోజనం చేశాను. వడ్డించే పెద్దాయన గోంగూర తెచ్చి, “ఇంకొంచెం వేయనా అమ్మా, ఎక్కడో ఆలోచిస్తున్నారు” అన్నాడు. ఆలోచించడానికేముంది, ఫోన్ బల్ల మీద తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

తలుపులు మూడింటికి తీశారు, బ్యాండ్ నాలుగింటికి వచ్చింది. రెండు వందల మంది ఉంటాం, కుర్చీలు లేవు. ఫోన్లో వేలెడంత కనిపించే మనుషులు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. మూడో పాట మాది. జపాన్ భాష రాదు కాబట్టి, వాన చప్పుడుతో మొదలవుతుందని మేము దాన్ని వాన పాట అనేవాళ్ళం.

ఈ సంగీతంలో ఇంకో పద్ధతుంది. ఏ పాటకి చెయ్యి ఎటు ఊపాలో అభిమానులందరికీ ముందే తెలుసు, హాలంతా కలిసి ఊపుతుంది. నాకూ వచ్చు, గర్వంగానే చెయ్యెత్తాను. హాలు మొత్తం కుడివైపు ఒరిగింది. నా చెయ్యి ఎడమకి వెళ్ళి పక్కనున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి చెవికి తగిలింది.

“అదర్ సైడ్, సిస్టర్” అంది నవ్వుతూ.

మార్చుకుందామని చూశాను. రెండు చరణాలు గడిచినా చెయ్యి ఎడమకే పోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండు మంచాల మధ్య కరుణ నాకు ఎదురుగా నిలబడి నేర్పింది. తను కుడి చెయ్యి ఎత్తితే నేను అద్దంలో బొమ్మలా ఎడమ చెయ్యి ఎత్తేదాన్ని. ఆ పద్నాలుగు రోజుల్లో అది తప్పని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. గదిలో ఉన్నది మేమిద్దరమే కదా. ఇక సరిచేసుకునే ప్రయత్నం మానేసి, పాట అయ్యేదాకా అలాగే ఎడమకే ఊపాను. కాటుకంతా బుగ్గల మీదకి కారింది. నా మీద జాలితో తీసిందో సరదాకి తీసిందో గానీ, ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి వీడియో తీసి, నా నంబరు అడిగి పంపింది.

తిరిగొచ్చే ఎనిమిదింటి బస్సులో కూర్చుని ఆ వీడియోని కరుణకి పంపాను, కింద ఏమీ రాయకుండా. మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. “మొద్దూ, అందరూ అటు ఊపుతుంటే నువ్విటేంటే.” కాసేపటికి ఇంకోటి. “నా ఎదురుగా నిలబడితే కరెక్టేలే.” వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు, డ్యూటీలో ఉండి ఉంటుంది.

ఆ రెండు మెసేజ్‌లూ ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతారు. ఆ బ్యాండ్ కోసం వెళ్ళాననుకున్నాను గానీ, నేను వెళ్ళింది తన కోసం. నాకు కరుణ కావాలి. తనిక్కడ లేదు, ఇంగ్లండ్‌కి టికెట్ నా జీతానికి ఇప్పట్లో అందదు.

మీరు ఇలాంటి కచేరీకి వెళ్తుంటే ఒక్క సలహా. పాటల చేతులు ముందే నేర్చుకోండి, నేర్పేవాళ్ళకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి నేర్చుకోండి. నేను మాత్రం మళ్ళీ నేర్చుకోను.