గురక మీద వేసిన నింద

ఈ కేసు గురించి నేను రెండు మూడు చోట్ల మాట్లాడాను. మా పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఉదాహరణగా కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఆ ముక్క వల్ల ఒక పెద్దమనిషి తాను చేయని తప్పుకు నెలల తరబడి తనను తాను శిక్షించుకున్నారు. ఇప్పుడు దానితో సహా రాస్తున్నాను.

2023. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లే దారిలో ఒక సందు. అందులో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక మూడంతస్తుల వృద్ధుల సంరక్షణ కేంద్రం. నేను సోమాజిగూడలో ఒక క్లినిక్‌లో న్యూరోమాడ్యులేషన్ టెక్నీషియన్‌ని. అంటే కోత, సూది లేకుండా, చర్మం మీది నుంచే అతి కొద్ది కరెంటు పంపి నరాల పనితీరును సర్దే యంత్రాలు నడిపేవాణ్ణి. డాక్టర్ గారు రాసిస్తే నేను వెళ్లి పెడతాను.

నిద్ర పట్టని పెద్దవాళ్లకు మేం ఎడమ చెవిలో ఒక చిన్న క్లిప్ పెడతాం. వేగస్ అనే నరం మెదడు నుంచి బయల్దేరి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా పోతుంది. అంత లోతున తిరిగే నరం తన కొమ్మ ఒకదాన్ని చెవి గుంటలో చర్మం దాకా పంపింది. గుండెకు వెళ్లే దారి చెవిలో తగలడం ఏమిటని, క్లిప్ పెట్టే ప్రతిసారీ నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండో అంతస్తులో మల్లయ్య గారని ఒక పేషెంట్. ఉద్యోగమంతా రాత్రి బస్సులు నడిపారు. నిద్రమాత్ర మత్తులో బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిపోతే, డాక్టర్ గారు మాత్ర ఆపి క్లిప్ రాశారు. ఆయనతో గది పంచుకున్నది మూర్తి గారు. భీమవరం వైపు మనిషి, లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. ఒకరు రాకపోతే రెండోవారు టీ కప్పు ముట్టేవారు కాదు.

మొదటి రోజు మూర్తి గారు నా పెట్టె తెరవగానే, "ఏంటి బాబూ ఇది, బట్టల క్లిప్పా? మా మల్లయ్యని ఆరేస్తావా ఏంటి?" అన్నారు.

"ఆరేస్తే ఆరేయనీ సార్," అన్నారు మల్లయ్య గారు. "నువ్వు పండుకుంటే బండి ఘాట్ ఎక్కినట్టే ఉంటది. గా సప్పుడుల నిద్రెట్లొస్తది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను.

ఈ వైద్యంలో కీలకం కరెంటు ఎంత ఇవ్వాలన్నది. ఆ సంగతి యంత్రం చెప్పదు, పేషెంటే చెప్పాలి. మెల్లగా పెంచుతూ "చిటపటలు తెలుస్తున్నాయా?" అని అడుగుతాం. తెలియడం మొదలైన చోటును థ్రెషోల్డ్ అంటాం. దానికి కాస్త పైన, నొప్పికి బాగా కింద ఆపాలి. మల్లయ్య గారికి కుడి చెవి, అదే డ్రైవర్ కిటికీ వైపు చెవి, ఎప్పుడో పోయింది. ఎడమ చెవికి వినికిడి మిషన్. క్లిప్ పెట్టాలంటే దాన్ని తీయాలి. తీస్తే ఆయనకు మాటలు వినపడవు, పెద్ద చప్పుళ్లు మాత్రం లీలగా తెలుస్తాయి.

నేను అడిగేవాణ్ణి. మూర్తి గారు స్నేహితుడి ముఖం ఒకసారి చూసి, "ఆఁ, తెలుస్తోంది. చాలు, ఇంక పెంచకు," అనేవారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని వంటామె అడిగినా, మోకాలి నొప్పి తగ్గిందా అని డాక్టర్ అడిగినా మల్లయ్య గారి తరఫున జవాబు ఆయనదే. అందరికీ అలవాటైంది, నాకూ అలవాటైంది. అక్కడే ఆపి టైమర్ పెట్టేవాణ్ణి.

వారాలు గడిచినా మల్లయ్య గారికి నిద్ర రాలేదు. పగలు కుర్చీలో తూలేవారు, నడిస్తే గోడ పట్టుకునేవారు. మేనేజర్ సునీత గారు నన్ను పిలిచి నిలదీశారు. "ఏందన్నా, మీ మిషన్ పనిచేస్తలేదా? ముసలాయన మళ్ల పడితే జవాబెవరు చెప్తరు?"

"మిషన్ బాగానే ఉంది మేడం. పక్క మంచం గురకకి ఎవరికైనా నిద్రెలా పడుతుంది?" అన్నాను.

పరీక్షించి అన్న మాట కాదు. నా పరువు కాపాడుకోవడానికి అన్నది. మర్నాడు మూర్తి గారి పెట్టె, మంచినీళ్ల చెంబు మూడో అంతస్తుకు వెళ్లిపోయాయి. "వాడు పడుకుంటే నాకంతే చాలు," అన్నారట ఆయన మెట్లెక్కుతూ.

ఆ సాయంత్రం క్లిప్ పెట్టి ఎప్పటిలాగే అడిగాను. జవాబు లేదు. కొంచెం పెంచి మళ్లీ అడిగాను. మల్లయ్య గారు ఖాళీ మంచం వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్లూ నాకు జవాబు చెప్పింది ఈయన కాదని అప్పుడు తట్టింది. క్లిప్ తీసేసి, వినికిడి మిషన్ తిరిగి పెట్టాను.

"ఇన్నాళ్లూ చెవిలో చిటపటలు తెలిశాయా పెద్దాయనా?"

"ఏం చిటపటలు బిడ్డా? పెడ్తవు, తీస్తవు. గంతే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగినవ్?"

తెలియగానే వేలెత్తమని ముందే చెప్పి, మళ్లీ మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ ఆపిన చోటు దాటి చాలా దూరం వెళ్లాక వేలు లేచింది. "అరె, చీమలు నడుస్తున్నయ్!" అన్నారు ఆయన, చిన్నపిల్లాడిలా.

కొన్నాళ్లకు ఒక పొద్దున వేరే పనిమీద అటు వెళ్లాను. గది తలుపు తీసే ఉంది. కింద సందులో హారన్లు మోగుతున్నాయి. ఎండ సరిగ్గా ఆయన ముఖం మీదే పడుతోంది. మల్లయ్య గారు నిద్రపోతున్నారు. ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్నట్టు బిగిసి ఉండే వేళ్లు దుప్పటి మీద విచ్చుకుని ఉన్నాయి. చిన్న బల్బును కూడా వెలిగించలేనంత కరెంటు అది. ఈ వైద్యం అందరికీ పనిచేయదు, కొందరిలో ఏ మార్పూ కనపడదు. ఆయనలో మాత్రం ఎన్నేళ్లుగానో మూసుకుపోయినదేదో తెరుచుకుంది. నా చెప్పులు చప్పుడు చేస్తాయేమోనని విడిచి చేత పట్టుకుని, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"చూసినవా అన్నా, రూం మార్చంగనే ఎట్ల పండుకుంటుండో!" అన్నారు సునీత గారు వెనక నుంచి.

గది వల్ల కాదు, కరెంటు సరిచేయడం వల్లేనని చెప్పకుండా నేను తలూపాను. నేను మింగేసిన ముక్క అదే.

కొన్ని నెలల తర్వాత డాక్టర్ గారి చీటీలో మూర్తి గారి పేరు వచ్చింది. నిద్రలేమి. మూడో అంతస్తుకు వెళ్తే ఆయన మంచం మీద, వెనక దిండ్లు పేర్చుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు. రాత్రిళ్లూ అలాగే కూర్చుంటున్నారట.

"వాలితే గురకొస్తుంది బాబూ. పాపం, మల్లయ్యని అన్నాళ్లు చంపాను. ఈ గదిలో పక్క మంచం ఆయన ఉసురు కూడా ఎందుకు?"

క్లిప్ తీసుకొచ్చిన చేత్తోనే దాన్ని పెట్టెలో పెట్టేశాను. ఒక మనిషికి నిద్ర తెప్పించానని ఊరంతా చెప్పుకున్న నేను, ఇంకో మనిషి నిద్ర తీసేశాను.

ఎవరి ఒంటికి యంత్రం పెడుతున్నానో వారి నోటి నుంచే జవాబు రావాలన్న నియమం నాకు ఈ కేసు నుంచే వచ్చింది. మనసు పులకించే ఫలితం కనపడినప్పుడు, అది ఎందుకు వచ్చిందో ఇంకా గట్టిగా అడగాలన్నదీ అప్పుడే తెలిసింది. మూర్తి గారు మళ్లీ రెండో అంతస్తుకు దిగి వచ్చారు. గురకా దిగి వచ్చింది. మల్లయ్య గారి నిద్ర మాత్రం చెదరలేదు. కానీ అవన్నీ తర్వాతి మాటలు.

ఆ రోజు కిందికి వెళ్లి సునీత గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మల్లయ్య గారికి చెబితే, మోకాళ్లు పట్టుకుని నాతో పాటు మెట్లెక్కారు. మూర్తి గారు దిండ్ల మీంచి లేవబోయారు. నేను ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"మూర్తి గారూ, ఆయన నిద్ర పాడుచేసింది మీ గురక కాదు. కరెంటు సరిగ్గా పెట్టని నేను. ఆయన్ని అడగాల్సింది అడగకుండా వదిలేశాను. తప్పు తెలిసిన సాయంత్రం నోరు విప్పి ఉంటే, మీరు ఇన్నాళ్లు ఇలా కూర్చునేవారు కాదు. నన్ను క్షమించండి."