ప్రార్థన మధ్యలో ఇటుకల ఆట

మా చిన్నతనంలో ఉప్పుగూడలోని మా ఇంటికి కొత్త వస్తువు ఏది వచ్చినా, ముందుగా దాని ఆత్మీయ స్థితి ఏమిటో తేల్చేవారు. మిక్సీ వచ్చిన రోజు నాయనమ్మ దాని మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థించాకే అందులో కొబ్బరి పడింది. కూలర్ ఏ పరీక్షా లేకుండా నెగ్గింది (అది నడి మే నెలలో వచ్చింది మరి). టీవీ మాత్రం చాలాకాలం అనుమానితుల జాబితాలోనే ఉండిపోయింది. వార్తలకు తప్ప దాన్ని పెట్టకూడదని బాపు (మా నాన్న) షరతు. దాని మీద అమ్మ ఒక తెల్లగుడ్డ కప్పి, గుడ్డ మీద ఎర్రదారంతో 'భయపడకుము' అని కుట్టింది. వార్తలు చూడాలంటే ఆ మాటను పైకెత్తాలి. చూశాక మళ్ళీ దించుకుని ధైర్యం తెచ్చుకోవాలి. ఇలా నవ్వుతూ రాస్తున్నానని ఆ పద్ధతులను వెక్కిరిస్తున్నాననుకోకండి. నేను ఆ ప్రార్థనల మధ్యే పెరిగాను, ఇవాళ కూడా వాటితోనే నా పొద్దు మొదలవుతుంది. దేవుడికి నవ్వు తెలియదని మాత్రం నాకెవరూ నేర్పలేదు.

అలాంటి ఇంటికి మా మేనమామ ఒక వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించే నల్లటి పెట్టె, తోకల్లాంటి వైర్లతో రెండు రిమోట్లు, ఒక క్యాసెట్. ఆ క్యాసెట్‌లో ఉన్నది ఒకటే ఆట. తెర పైనుంచి రకరకాల ఆకారాల్లో ఇటుకలు ఒక్కొక్కటే రాలుతుంటాయి. వాటిని అటూ ఇటూ తిప్పి, సందులు లేకుండా పేర్చాలి. ఒక వరుస ఈ చివరి నుంచి ఆ చివరికి నిండితే మాయమవుతుంది. సందులు మిగిలితే గోడ పెరిగి పెరిగి పైకప్పుకు తగులుతుంది, ఆట ముగుస్తుంది. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. దాన్ని చూసిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. మామ గల్ఫ్‌కు వెళ్ళకముందు మా చర్చి సంఘంవాళ్ళంతా కలిసి మందిరానికి ప్రహరీ కట్టుకున్నారు. కూలీలు లేరు, తలా ఒక చెయ్యి. బాపు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్, పైగా సంఘ పెద్ద. ఆదివారం ఉదయం మందిరంలో కుర్చీలు వేసేటప్పుడు కూడా నేల మీద దారం లాగి చూసే మనిషి. గేటు పక్కన మామ ఎంతో మురిపెంగా కట్టిన గోడకు బాపు మట్టపు గుండు వేలాడదీసి చూశాడు, వంకర అన్నాడు, సంఘమంతా చూస్తుండగా పడగొట్టించాడు. మామ చేతుల్లోని తాపీ అక్కడే పెట్టి బయటికి నడిచాడు. ఆ తర్వాత మందిరం గేటు దాటలేదు. దుబాయ్‌కి వెళ్ళేటప్పుడు కూడా అమ్మతో చెప్పాడు గాని బాపుతో చెప్పలేదు. తిరిగొచ్చాక ఛత్రినాకలో గది తీసుకుని, ఇన్నాళ్ళకు ఒక రోజు ఈ పెట్టెను చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఆ రోజు మా ముందుగదిలో జరిగిన సంభాషణ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాపు, మామ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మాటలన్నీ మధ్యలో నిలబడ్డ అమ్మ మీదుగా నడిచాయి.

"నీ తమ్మునికి చెప్పు, గా డబ్బ ఈ ఇంట్ల ఉండొద్దని," అన్నాడు బాపు, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ.

"మీ ఆయనకు చెప్పక్కా. పిల్ల కోసమని తెచ్చిన. డబ్బ వద్దంటే నేను గూడ వద్దన్నట్టే," అన్నాడు మామ, చెప్పుల వైపు చూస్తూ.

"ఇద్దరికీ చెవులున్నయి గద! నేనేమన్న టెలిఫోన్ తీగనా?" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్విందనుకున్నాను. వెళ్ళి చూస్తే పొయ్యి ముందు నిలబడి ఏడుస్తోంది.

నాకు ఒక ఉపాయం తోచింది. "బాపూ, శుక్రవారం మనింట్ల గృహ ప్రార్థన ఉన్నది గద. అయ్యగారికే చూపిద్దాం. ఆయన వద్దంటే మామ తీస్కపోతడు," అన్నాను. పాస్టరుగారి మాటంటే బాపుకు తిరుగులేదు. మామ కూడా ఒక్క నిమిషం ఆలోచించి, "సరే. ఆయన వద్దంటే డబ్బతోని పాటు నేను గూడ మళ్ల ఈ గడప తొక్క," అన్నాడు. అంటే ఆ శుక్రవారం మా ఇంట్లో తీర్పు వీడియో గేమ్‌కు కాదు, మామకు. నాకు మాత్రం వీడియో గేమ్ ఒక్కటే కనబడింది.

శుక్రవారం సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. మా ముందుగది పదిమందికి సరిపడేది, దానికి రెట్టింపు మంది వచ్చారు. అయ్యగారికి కుర్చీ, మిగతా అందరికీ చాపలు. మామకు ఎడంగా కూర్చోవాలని బాపు ఎంత ప్రయత్నించినా, వచ్చేవాళ్ళు జరగమన్నప్పుడల్లా జరిగి జరిగి, చివరికి ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా టీవీ ముందే ఇరుక్కున్నారు. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయ్యింది. అప్పుడు అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఏందమ్మా, ఏదో ఆట పెట్టె చూపిస్తనన్నవంట?" అన్నారు. మామ 'భయపడకుము'ను పైకెత్తి, వైర్లు తగిలించి, ఆట మొదలుపెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే బాపు, "ప్రార్థన లేకుంట ఏదీ మొదలువెట్టొద్దు. అమ్మా, జర ప్రార్థన చెయ్యి," అన్నాడు.

నాయనమ్మ ప్రార్థన గురించి తెలియనివాళ్ళు మా సంఘంలో లేరు. అది ఉప్పుగూడ స్టేషన్‌లో బయలుదేరే ప్యాసింజర్ బండి. ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది. గదిలో అందరి తలలూ వంగాయి, కళ్ళు మూసుకున్నాయి. ఆటను ఆపే బటన్ ఏదో మామకు ఇంకా తెలియదు. లేచి స్విచ్ కట్టేద్దామంటే, ప్రార్థనలో కదలడమన్నది మా ఇళ్ళలో ఊహకు కూడా అందని పని. దేశాన్ని ఏలేవాళ్ళ కోసం నాయనమ్మ ప్రార్థన మొదలయ్యేసరికే తెర మీద ఇటుకలు టక్కు టక్కున పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. ఒక కన్ను తెరిచాను. (పదహారేళ్ళ పిల్లను, మీరైతే ఆగేవారా?)

మామ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. ఇటుకలన్నీ నడిమధ్యన ఒకదాని మీద ఒకటి పడి, వంకరటింకరగా బురుజులా లేస్తున్నాయి. ఇంకాసేపైతే పైకప్పుకు తగిలి, అయ్యగారు కళ్ళు తెరిచేసరికి ఆట ముగిసిపోయి ఉంటుంది. ఇంక ఆయనకు చూపించేదేముంది? బాపు వైపు చూశాను. ఆయన కుడికన్ను తెరుచుకుని ఉంది.

అది నన్ను చూడటం లేదు. ఆ వంకర గోడనే చూస్తోంది. బాపు మెడలో నరం బిగిసింది. దవడ కదిలింది. నాయనమ్మ రైల్వే ఉద్యోగులను దీవించమంటుండగా, ఆయన మోచేత్తో మామ డొక్కలో పొడిచి, పళ్ళ సందునుంచి, "పక్కకు జరుపు," అన్నాడు.

మామ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "ఏ పక్కకు?"

"ఎడమకు. ఇంక ఎడమకు. ఇప్పుడు తిప్పు."

"స్తోత్రం!" అంది వెనకనుంచి స్తోత్రం పెద్దమ్మ. ప్రార్థనలో ఎవరి గొంతు వినిపించినా స్తోత్రం చెప్పడం ఆమె అలవాటు, అందుకే సంఘమంతా ఆమెను అలా పిలిచేది.

"నిలువుగ పెట్టు. అబ్బ, గట్ల కాదు!"

"గిట్లనా బావా?"

"ఆఁ, గట్ల. ఇప్పుడు కిందికి వదిలెయ్."

"స్తోత్రం!"

ఒక వరుస నిండి మాయమైంది. దాని వెనకే ఇంకొకటి. నాయనమ్మ రోగుల దగ్గరకు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ దగ్గరకు, ఆ తర్వాత పక్కింటివాళ్ళ తప్పిపోయిన మేక దగ్గరకు వచ్చింది. అంతసేపూ ఆ ఇద్దరి గుసగుసలు ఆగలేదు. గోడ నెమ్మదిగా దిగొచ్చి, బల్లపరుపుగా అయింది. ఆటలో మునిగి గమనించలేదు గాని, ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ అమ్మ మీదుగా కాకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

నాయనమ్మ ఆమెన్ అంది. అందరూ కళ్ళు తెరిచారు. మామ చేతిలో రిమోట్, బాపు వేలు ఇంకా తెర వైపే. అయ్యగారు తెరను చూశారు, ఇద్దరినీ చూశారు. "ఎవరో మాట్లాడుతున్నట్టు వినవడ్డది," అన్నారు.

మామ గొంతు సవరించుకున్నాడు. "మషీన్ అయ్యగారూ. అది దానంతట అదే..."

"అబద్ధమాడకు," అన్నాడు బాపు. సంఘ పెద్ద, ఊరందరికీ ప్రార్థన క్రమం నేర్పే మనిషి, తల వంచుకుని, "కండ్లు తెరిచిన అయ్యగారూ. మళ్ల వంకరగ లేస్తున్నది. సూసుకుంట ఊకోలేకపోయిన," అన్నాడు.

మామ బాపు వైపు తిరిగాడు. "ఈసారి పడగొట్టమనలేదు గద బావా," అన్నాడు మెల్లగా.

బాపు మామ మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఆనాడు గూడ పక్కన కూసోని చెప్పుంటే అయిపోతుండె," అన్నాడు.

అయ్యగారు దగ్గారు. "సరే గని, నడుమల ఆ పొడుగు ఇటుక వచ్చినప్పుడు దాన్ని కుడి మూలకు వెయ్యాల్సుండె," అన్నారు. అన్నాక నాలుక కరుచుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు, గది మొత్తం నవ్వింది. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. అందరి ముఖాలూ ఒకటొకటిగా చూసి, "అంటే ఇంతసేపు కండ్లు మూసుకున్నది నేనొక్కదాన్నేనా?" అంది. అయ్యగారు క్షమాపణ ప్రార్థన చేసి (ఈసారి కళ్ళన్నీ మూసుకున్నాయి, నావి కూడా), తీర్పు చెప్పారు. పెట్టె ఉండవచ్చు. అయితే ఆదివారం ఆరాధన అయ్యాకే ఆడాలి. తెచ్చినవాడు కూడా ఆరాధనకు వచ్చిన ఆదివారాల్లోనే ఆడాలి.

"నువ్వు రాకుంటే పిల్లకు ఆట లేదు మరి. మస్తు బాధైతది దానికి," అంది అమ్మ తమ్ముడితో. అంటూనే అన్నం వడ్డించడానికి లేచింది.

ఆ వచ్చే ఆదివారం మామ మందిరానికి వచ్చి, చివరి వరుసలో కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో నేను లేచి, మైకు ముందు నిలబడి, నా ప్రార్థన దేవుడు ఎలా ఆలకించాడో గొప్పగా చెప్పాను. వీడియో గేమ్ దక్కాలని పొద్దున పూట ఉప్మా మానేసి ఉపవాసమున్నానని (నాకు ఉప్మా అంటే పడదన్న సంగతి చెప్పలేదు), అందుకే దేవుడు అయ్యగారి మనసు కరిగించి ఆ పెట్టెను మా ఇంట్లో నిలిపాడని చెప్పాను. స్త్రీల వైపు చాపల మీద అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. అమ్మకు కూడా ఆ ఆటంటే ఇంత ఇష్టమా అని ఆశ్చర్యపోయాను. పాపం, అడిగితే ఒక రిమోట్ ఇచ్చేదాన్ని గదా అనుకున్నాను.

ఇప్పుడు నాకు అప్పటి అమ్మ వయసు దాటింది. ఆదివారంబడి పిల్లలకు సాక్ష్యం చెప్పడం నేనే నేర్పుతుంటాను. బొమ్మలు దొరికాయనీ, మార్కులు వచ్చాయనీ వాళ్ళు మైకులో గట్టిగా చెబుతుంటే, వెనక చాపల మీద కూర్చున్న వాళ్ళ తల్లుల ముఖాలు చూస్తుంటాను. వాళ్ళలో ఎవరైనా కళ్ళు ఒత్తుకుంటే, పదహారేళ్ళ ఆ పిల్ల గుర్తొస్తుంది. రెండు జడలు, గట్టి గొంతు, దేవుడు తనకు ఏమిచ్చాడో తనకే బాగా తెలుసన్న ధీమా. దాన్ని సరిదిద్దాలని నాకెప్పుడూ అనిపించలేదు. దాన్ని మైకు ముందు అలాగే మాట్లాడనిచ్చి, నేను వెళ్ళి అమ్మ పక్కన, ఆ చాప మీద కూర్చోవాలని ఉంటుంది.