నడక వేగానికి తగిన బానెట్

నెమ్మదయ్యకు ఇంకో పేరుంది. అది ఇంట్లోవాళ్లకు తెలుసు గానీ, వాళ్లావిడ "ఏమండీ"తోనే సరిపెట్టుకోవడం వల్ల దానికి పెద్దగా పని తగల్లేదు.

పూర్వం ఆయన సిటీ బస్సు నడిపేవాడు. ఆ బస్సెక్కినవాళ్లు విసుగొచ్చి మధ్యలో దిగిపోయి, నడిచి వెళ్లి, తరవాతి స్టాపులో టీ తాగి, మళ్లీ అదే బస్సెక్కిన సందర్భాలున్నాయి. ఫిర్యాదులు వెళ్లాయి. ప్రమాదాలు చేసిన డ్రైవర్లను పిలిచి మందలించే పై అధికారి, ప్రమాదమే చెయ్యని డ్రైవరును ఏమని మందలించాలో తెలియక కొన్నాళ్లు ఊరుకుని, ఆఖరికి ఇంటికి పంపేశాడు.

సరిగ్గా అదే సమయంలో ఒక అంత్యక్రియల సంస్థవారికి డ్రైవరు కావలసి వచ్చాడు. అంతకుముందున్న డ్రైవరు, వెనక నడిచి వస్తున్న చుట్టాలందరినీ ఒక మలుపు దగ్గర వదిలేసి, శవాన్ని ఒక్కదాన్నే శ్మశానానికి చేర్చిన ఘనుడు. సంస్థ నడిపే అమ్మగారు నెమ్మదయ్యను కారెక్కించి వీధి చివరిదాకా తిప్పించుకుని, దిగి, "రేపటి నుంచి రండి" అన్నారు. ఏ గుణం వల్ల ఒక ఉద్యోగం ఊడిందో, ఆ గుణానికే ఇంకో ఉద్యోగం దొరకడం అందరికీ జరిగే సంగతి కాదు. నెమ్మదయ్య దాన్ని చాలా గౌరవంగా తీసుకున్నాడు.

ఆయనకంటూ ఒక పద్ధతి ఉంది. ఆ వేగానికి స్పీడు ముల్లు లేవనైనా లేవదు కాబట్టి దాని వంక చూడడు. అద్దంలో చూస్తాడు. వెనక నడిచేవాళ్లలో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో కనిపెట్టి, ఇక ఆ దారంతా కారును ఆ మనిషి కాళ్లకు కట్టేస్తాడు. పోయినవారి కొడుకో అల్లుడో కిటికీ దగ్గరికొచ్చి "కాస్త తొందరగా పోనివ్వండి" అంటే, "మీ మేనత్తగారిని అడిగి చెప్పండి" అంటాడు. మేనత్తను అడిగే ధైర్యం ఇంతవరకు ఎవరికీ కలగలేదు.

ఇబ్బందల్లా కారుతోనే. పొడుగాటి నల్ల కారు, వయసు మళ్లినది. కారు ఇంజనన్నది పరిగెత్తేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు. ఎదురుగాలి తగిలితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. మనిషి నడకతో పోయే కారుకు ఎదురుగాలి ఎక్కడి నుంచి వస్తుంది? రేడియేటర్ మార్చారు, ఫ్యాన్ మార్చారు. మెకానిక్ అన్నీ చూసి, "బండికి జబ్బేం లేదండీ. కాస్త స్పీడుగా తిప్పండి, అదే తగ్గుతుంది" అన్నాడు. ఇది గుర్రం ఎక్కలేనివాడికి గుర్రపు స్వారీ ఆరోగ్యానికి మంచిదని చెప్పడం లాంటిది.

చివరికి ఒకనాడు, రిటైరైన ఒక ఆటల మాస్టారి అంతిమయాత్రలో, నడివీధిలో కారు బుస్సుమని ఆగిపోయింది. పూర్వ విద్యార్థులు, ఇప్పుడు బొజ్జలు పెంచినవాళ్లు, చొక్కా చేతులు మడిచి కారును శ్మశానం దాకా తోశారు. "బతికున్నన్నాళ్లూ గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు, పోతూ పోతూ బండి కూడా తోయించాడ్రా" అని ఒకాయన రొప్పుతూ అన్న మాట అమ్మగారి చెవిన పడింది.

"ఇంకొక్కసారి ఇది రోడ్డు మీద ఆగిందా, పాత ఇనుముకిచ్చేస్తాను" అన్నారావిడ. "వ్యాన్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. డ్రైవర్ని కూడా వాళ్లే పంపిస్తారు."

"మరి నేనండీ?"

"మీరెక్కడికి పోతారు? మన కొట్లో కూర్చుని పూలు చూసుకుందురు గాని."

పూలంటే నెమ్మదయ్యకు తుమ్ములు. ఒకటీ అరా కాదు, వరసగా. చావు దగ్గర ఏడుపు రాకపోయినా జనం క్షమిస్తారు గానీ, ఆగకుండా తుమ్మేవాణ్ని క్షమించరు. పైగా పూలకు వేగం లేదు, వాటిని నెమ్మదిగా చూసుకోవడంలో ప్రత్యేకత ఏమీ లేదు.

అలా ఆయన బామ్మర్ది షెడ్డుకు వెళ్లాడు. బామ్మర్దిది కార్ల రేకుపని. ఆగి ఉన్న కారు కూడా పరిగెడుతున్నట్టు కనిపించాలన్నది అతని సిద్ధాంతం. పరిగెత్తే కారైనా ఆగి ఉన్నట్టు కనిపించాలన్నది బావగారి సిద్ధాంతం. ఈ రెండు సిద్ధాంతాలూ ఇన్నేళ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తున్నాయి.

"బానెట్ కోసి స్కూప్ పెట్టేద్దాం బావా" అన్నాడు బామ్మర్ది, సమస్య పూర్తిగా వినకముందే.

"అంటే?"

"బానెట్ మీద ఓ గూడు. ముందుకి నోరు తెరుచుకుని ఉంటుంది. గాలిని గుటగుటా తాగేస్తుంది. రేసు కార్లకుంటుంది చూడు."

"నేను రేసుకెళ్లడం లేదురా."

"వెళ్లకపోతే వెళ్లకు. పెట్టుకోడానికేం?"

పూల బుట్టలు కళ్ల ముందు మెదిలి నెమ్మదయ్య ఒప్పుకున్నాడు. బామ్మర్ది కొలత గీసి, బానెట్ మీద గ్రైండర్ పెట్టాడు. నెమ్మదయ్య గోడవైపు తిరిగి నిలబడి, చప్పుడు ఆగాక ఇటు తిరిగాడు. నల్లగా నిగనిగలాడే రేకు మధ్యలో చతురస్రంగా ఓ కంత. ఆ కంత మీద, ఎప్పటి నుంచో షెడ్డులో ఓ మూల ఎదురు చూస్తున్న స్కూప్‌ను తెచ్చి, చూడ్డానికని తాత్కాలికంగా స్క్రూలతో బిగించాడు.

"ఎలా ఉంది?"

నెమ్మదయ్య చుట్టూ తిరిగి చూశాడు. "శవాన్ని పందెంలో దింపినట్టుంది."

"గెలుస్తాడులే."

పరీక్ష ఇంటి వీధిలోనే పెట్టారు. వేగం సరిగ్గా కుదరాలంటే వెనక నడిచే మనిషి ఉండాలి కదా. ఆ బాధ్యత వాళ్లావిడ మీద పడింది. ఎలాగూ కూరలకు వెళ్లాలి కాబట్టి ఆవిడ సంచీ పుచ్చుకుని శవవాహనం వెనక నడవసాగింది. ముందు సీట్లో బావాబామ్మర్దులు, వెనక ఖాళీ. నాలుగిళ్లు దాటారో లేదో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి దర్జీ మిషను ఆపి లేచి నిలబడ్డాడు. పక్కింటావిడ కొంగు సర్దుకుని గబగబా వచ్చింది.

"ఎవరు పోయారు వదినా?"

"ఎవరూ పోలేదు. మా ఆయన ఉద్యోగం పోకుండా చూస్తున్నాం."

"అయ్యో పాపం" అని, వచ్చినందుకు మర్యాదగా ఆవిడ కూడా నడిచింది. ఇద్దరు నడుస్తుంటే చూసి ఇంకో నలుగురు కలిశారు. వీధి మలుపు వచ్చేసరికి, పోయిందెవరో తెలియకపోయినా తగినంత విచారంతో ఓ చిన్న గుంపు తయారైంది. ఆ మలుపులోనే వేడి ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది.

నెమ్మదయ్య కారాపి, దిగి, స్కూప్ నోటి ముందు అరచెయ్యి పెట్టి చూశాడు. వెంటనే చెయ్యి లాగేసుకున్నాడు.

"ఒరేయ్, ఇది గాలి తాగడం లేదురా. లోపలి వేడి దీంట్లోంచే బయటికొస్తోంది."

బామ్మర్ది కూడా చెయ్యి పెట్టి చూశాడు. "మన నడకకి గాలెక్కడ దూరుతుంది బావా" అని ఒప్పుకున్నాడు. "వేడే ఎదురు తన్నుకొస్తోంది. పాపం ఈ సందు చాలడంలేదు దానికి."

"మరి నోరు ముందుకెందుకు పెట్టావురా?"

"అందానికి."

ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాణ్ని తిట్టడానికి మనసు రాలేదు. స్కూప్ పీకేశారు. వెనక్కి తిప్పి పెడదామని బామ్మర్ది ఓసారి బతిమాలి చూశాడు గాని, అక్క ఒక్క చూపుతో ఆ ప్రతిపాదన వీగిపోయింది. కంత మీద కొత్త రేకు అతికి, బానెట్ పొడుగునా కిటికీ రెక్కల్లా వెనక్కి తెరుచుకునే సన్నని చీలికలు వరసగా కోసి, అంచులు వంచి, నల్లరంగు కొట్టాడు బామ్మర్ది. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. వేగంగా కనిపించని వస్తువు అతని చేతిలో తయారవడం అదే మొదలు. చీలికల కింద, వాననీళ్లు ఇంజనులో ముఖ్యమైన చోట పడకుండా, ఓ రేకు పళ్లెం కూడా వాల్చి పెట్టాడు.

"అయినా వానలో తియ్యకు బావా. పళ్లెం ఎంతవరకు ఆపుతుందో చెప్పలేను."

"శవం వాన చూసుకుని బయల్దేరుతుందిట్రా?"

మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి ఎవరూ బయటికి రాలేదు. పక్కింటావిడ మాత్రం కిటికీలోంచి "ఇంకా పోలేదా?" అని అడిగింది. ముల్లు సగంలో నిలబడి కదల్లేదు. కాని ఆ రోజు ఎండ.

వాన పడింది ఆ వారంలోనే. పోయినాయన అమ్మగారికి బాగా తెలిసినవాడు కావడంతో ఆవిడ కూడా గొడుగు పట్టుకుని జనంతో నడుస్తున్నారు. బానెట్ సంగతి ఆవిడకింకా తెలియదు. నెమ్మదయ్య అద్దంలో చూసుకున్నాడు. ఈ పూట ఆయన కారును కట్టింది పోయినాయన అక్కగారి కాళ్లకు. చేతికర్ర పట్టుకుని, కార్లో కూర్చోమంటే వినకుండా, తమ్ముడి వెనకే నడిచి వస్తానని పంతం పట్టిన మనిషి.

సగం దారిలో జల్లు కాస్తా కుండపోత అయింది. చీలికల్లోంచి దిగిన నీళ్లు ఎక్కడో కాలిన ఇనుముకు తగిలాయి. బానెట్ మీంచి తెల్లటి ఆవిరి సుళ్లు తిరుగుతూ లేచింది. అమ్మగారు గబగబా ముందుకొచ్చి కిటికీ అద్దం మీద తట్టారు.

"మళ్లీ ఉడికిపోతోంది. ఆపండి!"

"ఉడకడం లేదండీ. వాననీళ్లు."

"నాకు కనపడట్లేదా? ఆపమంటున్నాను."

"మీరోసారి లోపలికొచ్చి ముల్లు చూడండమ్మగారూ."

కారు ఆగకుండానే ఆవిడ తలుపు తీసుకుని ఎక్కారు. ఆ వేగానికి అదేమంత సాహసం కాదు. ముల్లు సగంలోనే ఉంది. బయట ఆవిరి. ఆవిడ ముల్లును చూసి, ఆవిరిని చూసి, మళ్లీ ముల్లును చూశారు.

"ముల్లు పాడైందేమో. ఎందుకైనా మంచిది, ఓ పక్కన ఆపండి."

నెమ్మదయ్య జీవితంలో ఎవరు ఆపమన్నా ఆపనిది లేదు. బస్సు రోజుల్లో స్టాపు లేనిచోట కూడా ఆపేవాడు. ఇంజను దడదడమని ఓసారి తడబడింది. ఆయన గుండె కూడా తడబడింది. మళ్లీ రెండూ సర్దుకున్నాయి.

"ఆపితే ఆ అక్కగారు వానలో నిలబడాలండీ" అన్నాడు అద్దంలోంచి చూపు తిప్పకుండా. "నడుస్తున్నారు కాబట్టి వస్తున్నారు. ఒకసారి నిలబడితే మళ్లీ అడుగు పడదు."

అమ్మగారు వెనక్కి తిరిగి చూశారు. తరవాత శ్మశానం గేటు దాకా ఆ చేతికర్ర వంకే చూస్తూ కూర్చున్నారు. ముల్లు మాత్రం, దానికి ఇదేమీ పట్టనట్టు, ఉన్నచోటే ఉంది.

తిరిగొచ్చాక, వాన వెలిసి, కొట్టు ముందు కారు ఆగింది. ఆగవలసిన చోటే. అమ్మగారు దిగి, బానెట్ దగ్గరికెళ్లి వంగి చూశారు.

"ఎవరు కోశారిది?"

"మా బామ్మర్దండీ."

"నన్నడిగారా?"

"లేదండీ."

"అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకేనండీ అడగలేదు."

ఆవిడ గొడుగు దులిపి, మడిచి, "వ్యాన్ వాళ్లకి ఇప్పుడే వద్దని చెప్తాను. ఇది ఆగిన రోజు చూద్దాం" అని లోపలికి వెళ్లిపోయారు.

నెమ్మదయ్య ఆ మాటను యావజ్జీవ నియామకంగా స్వీకరించాడు. పొడిగుడ్డ తెచ్చుకుని, ఒక్కొక్క చీలికలోనూ వేలు దూర్చి తడి తుడవడం మొదలుపెట్టాడు. ఇంకొకరైతే టీ చల్లారేలోగా ముగించేవారు. ఆయనకు సాయంత్రం దాకా పట్టింది.